మడతమ్మ కూతురి నిద్ర

ఆ లాండ్రీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పదకొండేళ్ళుగా ఆమె మడతమ్మే. ఇస్త్రీ చేసే రోలరు మిషన్‌లోంచి పొగలు కక్కుతూ వచ్చే దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించిందంటే, అది గాలిలోనే సగానికి మడతపడి చేతుల్లోకి దిగేది. మూలకు మూల కలిసేది. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు, గుట్టలుగుట్టలుగా దిండు గలీబులు. ఊళ్ళో ఎంతోమంది ఆమె చెయ్యి తగిలిన పక్కల మీదే పడుకునేవారు. వాళ్ళకు ఆ సంగతి తెలియదు. తెలియకపోయినా ఒక్కో దొంతర కట్టాక దానిమీద అరచెయ్యి ఆనించి, "పడుకున్నవాళ్ళు చల్లగా ఉండాలి స్వామీ" అనుకోవడం ఆమెకు అలవాటు.

ఆమె పని మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదింటి దాకా. ఇంటి దగ్గర బస్సు దిగేసరికి పది నలభై అయ్యేది. పొద్దున్న పని తొలి ఏళ్ళలోనే పాతవాళ్ళు పంచేసుకున్నారు. అందులో ఎవరైనా మానేస్తే తప్ప చోటు దొరకదు. ఆమెకు ఒక్కతే కూతురు, పదిహేనేళ్ళది, చిట్టి అని పిలుస్తారు. చిట్టి పొద్దున్న ఏడున్నరకే బడికి సైకిలెక్కేది. అప్పటికి మడతమ్మ ఇంకా పక్క మీదే ఉండేది. చిట్టి నాలుగున్నరకు ఇల్లు చేరేటప్పటికి మడతమ్మ రోలరు ముందు ఉండేది. ఒకే ఇంట్లో ఉండి తల్లీకూతుళ్ళు కలుసుకోవడానికి మిగిలింది రాత్రి పది నలభై తర్వాతే.

ఆ వేళను మడతమ్మ కళ్ళకద్దుకునేది. బస్‌స్టాపు దగ్గర వేయించిన వేరుశెనగలు పొట్లం కట్టించుకుని, అవి చల్లారకుండా కొంగులో చుట్టుకుని, వీధి మలుపు తిరగగానే వంటింటి కిటికీలో దీపం వెలుగుతోందా లేదా అని చూసేది. వెలుగుతూనే ఉండేది. లోపల చిట్టి రెండు కంచాలు పెట్టుకుని కూర్చునేది. తొమ్మిదింటికే నాన్నతో ఒకసారి తిన్నా, అమ్మతో మళ్ళీ రెండు ముద్దలు తినేది. ఆ తర్వాత కబుర్లు. లెక్కల మాస్టారు సుద్దముక్క ఎలా విసిరాడు, పక్క బెంచీ పిల్ల ఎవరితో మాట్లాడటం మానేసింది, ఫోన్‌లో ఏ వీడియో చూసి ఎంత నవ్వింది. పన్నెండయ్యేది, ఒక్కోసారి ఒకటిన్నర అయ్యేది. మడతమ్మ భర్త వీధి మొదట్లో క్షౌరశాల నడిపేవాడు. తల దిండుకు తగిలితే చాలు, మరి లోకం పట్టదు. మధ్యలో ఎప్పుడైనా మెలకువ వస్తే, "ఇంట్లో ఒక గుడ్లగూబ అనుకున్నాను, రెండున్నాయి" అని గొణిగి అటు తిరిగిపోయేవాడు.

పిల్ల అంతసేపు మెలకువగా ఉండగలగడానికి ఉపాయం చెప్పింది మడతమ్మే. "బడి నుంచి వచ్చాక ఒక రెండు గంటలు పడుకో తల్లీ. నేను వచ్చేసరికి చురుగ్గా ఉంటావు" అంది ఒకరోజు. చిట్టి అయిదింటికి పడుకుని ఏడున్నరకు లేచేది. లేచాక టీ తాగేది. ఆ పిల్ల రోజు సగానికి మడతపెట్టినట్టయింది కాని, మూలలు కలవలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక బడి నుంచి కబురొచ్చింది. క్లాసు టీచరు నెమ్మదస్తురాలు. మడతమ్మను స్టాఫు గదిలో కూర్చోబెట్టి, తన మంచినీళ్ళ సీసా ముందుకు జరిపి మాట్లాడింది.

"మీ అమ్మాయి అల్లరి చేయదండీ. అదే నా బాధ. అల్లరి చేస్తే కనీసం మెలకువగా ఉందని తెలుస్తుంది. మొదటి రెండు పీరియడ్లూ కళ్ళు తెరుచుకునే నిద్రపోతోంది. ఈ వయసు పిల్లలకు ఎనిమిది, తొమ్మిది గంటల నిద్ర కావాలి. మీ అమ్మాయికి రాత్రి అయిదు గంటలు కూడా ఉన్నట్టు లేదు."

"సాయంత్రం పడుకుంటుందండీ."

"అందుకే రాత్రి రావట్లేదు. సాయంత్రం కునుకు మాన్పించండి. పడుకునే గంట, లేచే గంట ఒకటే పెట్టండి, ఆదివారం కూడా. ఫోన్ గది బయట. నాలుగయ్యాక టీ వద్దు. ఒక్కరోజులో కాదు, ఒక నెల పడుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి."

దగ్గరుండి అన్న మాట మడతమ్మకు ముల్లులా దిగింది. తను దగ్గరుండేది రాత్రి పది నలభై తర్వాతే కదా. ఆ మాట టీచరుతో అనలేదు. ఇంట్లో కూడా అనలేదు. "టీచరు నిద్ర గురించి ఏదో చెప్పిందిలే" అని భర్తతో పొడిపొడిగా చెప్పి ఊరుకుంది.

ఆయన మాత్రం ఊరుకోలేదు. వెళ్ళి అక్కకు చెప్పాడు.

ఆ అక్క, అంటే మడతమ్మకు వదిన, అయిదు నెలల క్రితమే వచ్చి పై గదిలో దిగింది. పిల్లల ఆస్పత్రిలో ఆయాగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. పిల్లాపాపా లేరు, భర్త పోయి చాలాకాలమైంది. ఎప్పుడూ తెల్లచీర, ఎప్పుడూ చేతిలో ఏదో ఒక పని. వాళ్ళ మంచాన్నీ వీళ్ళ మంచాన్నీ సర్దిన చేతులు కాబట్టి ఖాళీగా ఉండలేవు. తమ్ముడు చెప్పింది విని, "పిల్లను నాకొదిలెయ్యి, నెల తిరిగేసరికి చూడు" అందట.

ఆమె ఎవరిమీదా అరవలేదు. మొదటిరోజు సాయంత్రం చిట్టి పక్కెక్కబోతుంటే, "కూరగాయల సంచీ మొయ్యాలి, నాకు నడుము నొప్పి, రావే" అని వెంట తీసుకెళ్ళింది. రెండోరోజు మేడ మీద బట్టలు తియ్యమంది. మూడోరోజు ఏదీ చెప్పకుండానే చిట్టి ఆమె వెంట నడిచింది. తొమ్మిదింటికి ట్యూబులైటు ఆర్పి చిన్న బల్బు వేసేది. ఫోన్‌ను బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించి, తన ఫోన్ కూడా అందులోనే పెట్టేది. గోరువెచ్చని నీళ్ళతో ఇద్దరూ కాళ్ళు కడుక్కునేవారు. ఆపైన రెండు నిమిషాలు చేతులు జోడించి, ఆరోజు తమకు మంచి చేసినవాళ్ళను ఒక్కొక్కరినీ తలుచుకునేవారు. తర్వాత, "నాకు నిద్రొస్తోంది. నువ్వు పడుకుంటావో లేదో నీ ఇష్టం" అని వదిన పక్కమీద వాలిపోయేది. మొదటి వారం చిట్టి చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకుని, అమ్మ వచ్చే వేళకు లేచి వంటింట్లో దీపం వేసేది. రెండోవారం అమ్మ వచ్చాక పదకొండింటికే నిద్ర పట్టింది. మూడోవారం పదింటికే. పిల్ల గాఢంగా నిద్రపోయాక వదిన నెమ్మదిగా లేచి, దుప్పటి సరిచేసి, పైకి తన గదికి వెళ్ళిపోయేది.

ఆ మూడోవారంలో ఒకరోజు మడతమ్మ వీధి మలుపు తిరిగేసరికి వంటింటి కిటికీ చీకటిగా ఉంది.

కరెంటు పోయిందనుకుంది. పక్కింట్లో వెలుగుతోంది. తాళం తీసి లోపలికి వెళ్ళింది. గిన్నెల మీద మూతలు, మూతల మీద గుడ్డ, ఫ్లాస్కులో వేడినీళ్ళు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. కంచం ఒక్కటే ఉంది. ముందుగదిలో చిట్టి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లప్పుడు పడుకున్నట్టే. మడతమ్మ వంటింటి గడప మీద కూర్చుని వేరుశెనగ పొట్లం విప్పింది. నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుంది.

అప్పటి నుంచీ ఆమెకు కడుపులో చిన్న మంట మొదలైంది. నిజానికి పిల్ల బాగుపడుతోంది. కళ్ళ కింద నలుపు పలచబడింది. పొద్దున్నే పాటలు పాడుతోంది. అవి తల్లికి నిద్రమత్తులో సగం సగం వినిపించేవి. పక్కింటావిడ గోడ మీంచి, "మీ వదినగారి చెయ్యి మంచిదమ్మా, పిల్ల తేటపడింది" అంది. మడతమ్మ నవ్వి, లోపలికొచ్చి, చింపిరి గుడ్డ ఒకటి తీసుకుని శుభ్రంగా ఉన్న వంటింటి గట్టునే మళ్ళీ తుడిచింది.

ఆదివారం ఒక్కటే సెలవు. ఆరోజు చిట్టి నోట్లోంచి వచ్చే ప్రతి మాటా అత్తతోనే మొదలయ్యేది. "అత్త చెప్పింది, నిద్రలోనే ఎత్తు పెరుగుతామట." "అత్త వార్డులో ఒక పిల్లాడు నిద్రలో లెక్కలు చెప్పేవాడట." భోజనం పూర్తయ్యేలోగా మడతమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పదిహేడుసార్లు అత్త. అమ్మ రెండుసార్లు, అదీ కూర వడ్డించమనడానికి.

సాయంత్రం పక్కలు దులుపుతుంటే చిట్టి దిండు చేతికొచ్చింది. దాన్ని ముక్కుకు ఆనించుకుంది. రోజుకు వందల గలీబులు పట్టుకునే మనిషి. ఏది మందు వాసన, ఏది అత్తరు వాసన, ఏది ఏడ్చిన వాసన అన్నది కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. ఆ గలీబు వదిన రాసుకునే పౌడరు వాసన కొడుతోంది. మడతమ్మ ఆ గలీబును ఊడదీసి, సబ్బు పెట్టి ఉతికింది. ఆరాక వాసన చూసింది. మళ్ళీ ఉతికింది. మూడోసారి ఉతుకుతుంటే భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమోయ్, ఆరు రోజులు చేసింది చాలలేదా? ఏడోరోజు కూడా లాండ్రీయేనా?"

"మురికి పోవద్దా మరి."

"దాని మీద పూలు కూడా పోయేట్టున్నాయి" అని ఆయన వెళ్ళిపోయాడు.

లాండ్రీలో రోలరుకు అటు చివర ఆమె జంట ఒక పెద్దావిడ. మనిషి పొడగరి కాబట్టి పొడుగమ్మ అంటారు. తడి దుప్పటి బరువుగా ఉన్న కొస ఎప్పుడూ తానే అందుకుంటుంది, అడక్కుండానే. సోమవారం ఆవిడ దుప్పటి అందిస్తూ, "ఏమే మడతమ్మా, ఈ మూల ఎక్కడికి పోయింది?" అంది. మడతమ్మ చూసింది. మూలలు రెండు వేళ్ళ తేడాలో ఉన్నాయి. ఆమె సర్వీసులో అలా ఎన్నడూ జరగలేదు.

"ఇంటి దగ్గర ఏదో ఉంది. చెప్పు."

మడతమ్మ చెప్పింది. యంత్రం హోరులో సగం అరుస్తూ చెప్పడంవల్ల కోపం ఇంకాస్త పెద్దదిగా వినిపించింది. పొడుగమ్మ ఇంకో రెండు దుప్పట్లు అందించింది.

"అయితే ఏమంటావు? పిల్ల నిద్రపోతోందని ఏడుస్తున్నావా?"

"నిద్రపోవద్దని నేనన్నానా అక్కా? నేను కన్నాను. నేను పెంచాను. పిల్లను నిద్రపుచ్చడం నాకు రాదా? నేనూ ఆ వేళకు ఇంట్లో ఉంటే నేను చేయనా? ఆవిడ ఇంట్లో కూర్చుంది కాబట్టి ఆవిడకు పేరొచ్చింది."

"వచ్చింది. రానీ. నీకు పిల్ల కావాలా, పేరు కావాలా?"

"రెండూ" అంది మడతమ్మ. పొడుగమ్మ పగలబడి నవ్వింది. మడతమ్మకు నవ్వు రాలేదు.

మరుసటి ఆదివారం వదిన కిందికొచ్చి, వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుంది.

"అమ్మాయ్, ఒక మాట. అర్ధ సంవత్సరం పరీక్షలు గురువారం నుంచి. నువ్వొచ్చి తాళం తీసి లైటు వేసినప్పుడల్లా పిల్ల కదులుతోందట, వాళ్ళ నాన్న చెప్పాడు. ముందుగది ఒక్కటే కదా, ఏం చేస్తావు. పరుపు నా గదికి మార్చేద్దాం. పరీక్షలయ్యేదాకా పైన పడుకుంటుంది. తర్వాత నీ ఇష్టం."

కూర తరుగుతున్న మడతమ్మ చేతిలో చాకు ఆగింది. పిల్ల మాటలు పోయాయి, రాత్రి భోజనం పోయింది. కనీసం పది నలభైకి తలుపు తీస్తే పడుకున్న ముఖమైనా కనిపిస్తోంది. ఇప్పుడు అదీ పైకెక్కుతుందా?

"చూద్దాం వదినా. వచ్చే ఆదివారం దాకా ఆగండి."

"గురువారమే పరీక్ష అంటే ఆదివారం దాకా ఏమిటే?"

"ఆదివారం చెప్తానన్నాను కదా." మాట గట్టిగానే పడింది. వదిన పీట గోడకు ఆనించి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. తన చెప్పులు కింద మర్చిపోయింది. మడతమ్మ వాటిని చూసింది కాని పైకి తీసుకెళ్ళి ఇవ్వలేదు.

బుధవారం రాత్రి బస్సులో ఆమె పక్కన ఒక తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. కూతురు తల్లి భుజం మీద తల పెట్టి ఏదో చెప్పి నవ్వుతోంది. తల్లికి నిద్రొస్తోంది, ఊఁ ఊఁ అంటోంది. మడతమ్మ వాళ్ళవైపు చూడకుండా ఉందామనుకుని ప్రతి స్టాపులోనూ చూసింది. దిగాక చాలారోజుల తర్వాత వేరుశెనగలు కొంది. ఇంటికొచ్చి తాళం తీసింది. చిట్టి పడుకునే ఉంది. మడతమ్మ వంటింట్లోకి వెళ్ళి కంచం చేతిలోకి తీసుకుంది. ఒక పెద్ద స్టీలు కంచం. దాన్ని గట్టు అంచున పెట్టింది. అక్కడ అది నిలవదని ఆమెకు తెలుసు.

గలగలమంటూ కంచం నేలమీద మూడు చుట్లు తిరిగింది.

"అమ్మా?" ముందుగదిలోంచి మగత గొంతు.

"ఏం లేదు తల్లీ, చెయ్యి జారింది. పడుకో." అంటూనే లైటు వేసింది. పొట్లం విప్పుతున్న చప్పుడు కాస్త గట్టిగానే చేసింది.

చిట్టి కళ్ళు నులుముకుంటూ వచ్చింది. తల్లిని చూడగానే ఆ ముఖం విప్పారిన తీరు చూస్తే రాయైనా కరుగుతుంది. "వేరుశెనగలా? ఎన్నాళ్ళయిందే అమ్మా" అని పక్కన చతికిలబడింది. ఇక అంతే, నెల రోజుల కబుర్లన్నీ పొంగుకొచ్చాయి. పరీక్ష భయం, కొత్త స్నేహితురాలు, లెక్కల మాస్టారికి పెళ్ళి కుదరడం. పన్నెండయింది. "పడుకో ఇంక" అని మడతమ్మ నోటితో అంది కాని, చేత్తో పిల్ల చెయ్యి వదల్లేదు. ఒకటయింది. ఒకటిన్నరకు చిట్టి, "ఇప్పుడు నిద్ర పోయిందమ్మా, రావట్లేదు" అంది. తల్లి ఒళ్ళో తల పెట్టించుకుని జుట్టు నిమురుతూ కూర్చుంది. ఆ రాత్రి ఆమెకు గెలిచినట్టు ఉంది. ఎవరి మీద అన్నది ఆలోచించలేదు.

గురువారం పరీక్ష పన్నెండింటికి అయిపోయింది. మడతమ్మ పనికి బయలుదేరబోతుంటే చిట్టి సైకిలు గోడకు ఆనించి లోపలికి వచ్చింది. కుడి చెంప మీద నీలం రంగు. దగ్గరికెళ్ళి చూస్తే అవి అక్షరాలు, అద్దంలో కనిపించినట్టు తిరగబడ్డ అక్షరాలు. జవాబు కాగితం మీద సిరా ఆరకముందే చెంప ఆనించి పడుకున్న గుర్తు.

"ఏమైందే?"

"నిద్ర పట్టేసిందమ్మా. మొదటి రెండు ప్రశ్నలూ బాగా రాశాను. మూడోది రాస్తూ రాస్తూ… టీచరు వచ్చి లేపేసరికి ఇరవై నిమిషాలే ఉంది." ఏడవలేదు. ఏడుపు ఆపుకుంటున్నవాళ్ళు మాట్లాడే మామూలు గొంతు అది. "అన్నీ వచ్చమ్మా. అన్నీ చదివినవే."

మెట్ల మీంచి వదిన అప్పుడే దిగింది. చెంప చూసింది, సంగతి విన్నది.

"రాత్రి పదింటికి నిద్రపోయావు కదే. నేను చూసే కదా పైకెళ్ళాను."

మడతమ్మ నోరు తెరిచేలోగా చిట్టి చెప్పేసింది. "మధ్యలో మెలకువొచ్చింది అత్తా. డబ్బాలోంచి ఫోన్ తీసి చూశాను. ఒకటిన్నర దాకా."

వదిన ముఖం మాడిపోయింది. "నేను నిన్ను నమ్మి ఆ డబ్బాకు తాళం కూడా వెయ్యలేదు" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ ఒక్కదానికే చిట్టి తల వంగిపోయింది. కాని కళ్ళు మాత్రం పక్కకు, తల్లివైపు తిరిగి, ఏమీ అనవద్దని చెప్పాయి.

మడతమ్మకు బస్సు వేళ అయింది. సంచీ భుజాన వేసుకుని గడప దాటింది. నాలుగు అడుగులు వేసింది. పిల్ల చెంప మీద తిరగబడ్డ అక్షరాలే కళ్ళముందు ఉన్నాయి. తను పుట్టించిన తప్పును తన పిల్ల నోరు మూసుకుని మోస్తోంది. మోసినందుకు అత్త నమ్మకం పోగొట్టుకుంటోంది. తనకు కావలసింది అదే కదా, అత్తకూ పిల్లకూ మధ్య ఎడం రావడం. వచ్చింది. కోరిన కోరికే తీరింది. భగవంతుడా, ఇదా నేను అడిగింది, అనుకుంది.

వెనక్కి తిరిగొచ్చింది. సంచీ దించకుండానే గుమ్మంలో నిలబడింది.

"వదినా, అది ఫోన్ చూళ్ళేదు. నేను లేపాను."

"చెయ్యి జారి కంచం పడింది అత్తా, అమ్మ కావాలని…" అంది చిట్టి.

"కావాలనే." మడతమ్మ మాట మధ్యలోనే అందుకుంది. "గట్టు అంచున పెట్టాను, పడుతుందని తెలిసే. లైటు వేశాను. ఒకటిన్నర దాకా కూర్చోబెట్టాను. పరీక్షని తెలుసు. మీరు దాన్ని నిద్రపుచ్చుతుంటే నేను చూడలేకపోయాను వదినా. అంతే."

వదిన చిట్టి చెంప కేసి చూసింది. ఆ తర్వాత గ్లాసులో కాసిని నీళ్ళు తెచ్చి, గుడ్డ తడిపి, దాన్ని మడతమ్మ చేతికిచ్చింది.

"నువ్వు తుడువు. నీ బస్సు పోయినట్టే. లాండ్రీలో ఎవరికైనా ఫోన్ చెయ్యి, ఆలస్యమవుతుందని."

మడతమ్మ తుడిచింది. సిరా త్వరగా పోలేదు. తుడుస్తున్నంతసేపూ చిట్టి కళ్ళు మూసుకునే ఉంది. వదిన వెనక్కి తిరిగి గిన్నెలు సర్దుతూ అంది, "ముప్ఫై ఏళ్ళు ఎవరెవరి పిల్లలనో నిద్రపుచ్చాను అమ్మాయ్. లేచాక వాళ్ళు అడిగేది వాళ్ళమ్మనే. ఇది కూడా పొద్దున్నే లేచి మొట్టమొదట నీ పక్క దగ్గరికే వెళ్ళి చూస్తుంది. నువ్వు నిద్రలో ఉంటావు. కాసేపు నిలబడి వచ్చేస్తుంది. నీకెవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు." ఆఖరి మాట కొంచెం తగ్గి వచ్చింది.

ఆరోజు మడతమ్మ పొడుగమ్మకు ఒక్కదానికే ఫోన్ చేసి, గంటంపావు ఆలస్యంగా రోలరు చేరింది. అంతసేపూ పొడుగమ్మ ఒంటరిగా దిండు గలీబులు తోస్తూ, సూపర్వైజరు అడిగితే, "బాత్రూముకు వెళ్ళింది సారూ, ఆడవాళ్ళను అన్నీ అడగకూడదు" అని నెట్టుకొచ్చింది.

ఆదివారం దాకా ఆగలేదు. శుక్రవారం పొద్దున్నే మడతమ్మ చిట్టి పరుపును చుట్టచుట్టి, తలమీద పెట్టుకుని, మెట్లెక్కి వదిన గదిలోని రెండో మంచం మీద వేసింది. మడతలు లేకుండా దుప్పటి పరిచింది. మంచాన్ని కిటికీకి దూరంగా జరిపింది, పొద్దుటి వెలుగు తిన్నగా కళ్ళలో పడకుండా. వదిన చూస్తూ నిలబడి, "దుప్పటి పరచడం నీకే వచ్చు" అంది. మెచ్చుకోలో, ఎత్తిపొడుపో తెలియలేదు. రెండూ అయి ఉండవచ్చు. మడతమ్మ అటుతర్వాత కింద పడి ఉన్న వదిన చెప్పులు కూడా తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది.

ఆ రాత్రి ఇంట్లో తలుపు తీస్తే ముందుగదిలో పిల్ల పక్క వేసే చోటు ఖాళీగా ఉంది. మంట పోయిందని చెప్తే అబద్ధం. తన చెప్పులు చేత పట్టుకుని మెట్లెక్కి, తలుపు బయట నిలబడింది. లోపల రెండు ఊపిరులు. ఒకటి పలచగా, ఒకటి చిన్న గురకతో. ఆ గురకవేసే మనిషి చోటులో తను ఉండాలి అనిపించింది, చాలా గట్టిగా అనిపించింది. అక్కడే నిలబడి, చిట్టి చెప్పిన పద్ధతిలో, ఆరోజు తనకు మంచి చేసినవాళ్ళను తలుచుకుంది. పొడుగమ్మ పేరు వచ్చింది, తను పరుగెత్తుతుంటే బస్సు ఆపిన కండక్టరు వచ్చాడు. వదిన పేరు గొంతు దాకా వచ్చి కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత అది కూడా వచ్చింది. కిందికొచ్చి, తిని, ఫోన్‌లో అయిదున్నరకు అలారం పెట్టి, పదకొండున్నరకల్లా పడుకుంది. మధ్యాహ్నం ఇంకో కునుకు తీస్తే తనకు సరిపోతుంది. తను పదిహేనేళ్ళ పిల్ల కాదు.

పదకొండేళ్ళలో ఆమె పొద్దుటి అయిదున్నరను చూడలేదు. వీధిలో పాలవాడి సైకిలు, ఎవరో నీళ్ళు చల్లుతున్న చప్పుడు, ఆకాశం ఇంకా ఉతకని దుప్పటిలా బూడిదరంగులో ఉంది. భర్త లేచి ఆమెను చూసి, ఎవరో దొంగ అనుకుని, తర్వాత గుర్తుపట్టి, "దారి తప్పావా?" అన్నాడు. ఆమె పాలు కాచి, మూడు గ్లాసుల్లో పోసి, పళ్ళెంలో పెట్టుకుని పైకెక్కింది.

చిట్టి అప్పటికే లేచి పక్కమీద కూర్చుని ఉంది, ఎవరూ లేపకుండానే. తల్లి పళ్ళెంతో గుమ్మంలో కనపడగానే, "అమ్మా, ఇవాళ లెక్కల పరీక్ష, నువ్వు లేచావేంటి" అని ఒకే ఊపిరిలో అంది. కళ్ళు తేటగా ఉన్నాయి. ఎనిమిది గంటల నిద్ర కళ్ళు అలా ఉంటాయని మడతమ్మకు తెలియదు. ఆమె ఆ కళ్ళను అర్ధరాత్రుళ్ళు ఎర్రగానే చూసింది.

వదిన పిల్ల వెనక మంచం అంచున కూర్చుని ఉంది. చేతిలో దువ్వెన, ఒళ్ళో రిబ్బన్లు. రెండు నెలలుగా పొద్దున్నే జడలు వేసేది ఆమే. మడతమ్మకు అది ఇప్పుడే తెలిసింది. పళ్ళెం కింద పెట్టి, మంచం రెండో వైపు నుంచి వచ్చి కూర్చుంది.

"వదినా, మీరు పాలు తాగండి. నేను వేస్తాను."

చెయ్యి చాపింది. వదిన వెంటనే ఇవ్వలేదు. దువ్వెన పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి, చాలా కొద్దిగా. ఇంకెవరైనా అయితే గమనించేవారు కాదు. మడతమ్మ గమనించింది. ఆ బిగుసుకోవడం ఏమిటో ఈ రెండు నెలలుగా ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

"ఒక జడ మీరు వెయ్యండి," అంది మడతమ్మ. "ఒకటి నేను వేస్తాను."

పిల్ల తల చెరోవైపు లాగుతుంటే, "మెల్లగా, నా తల ఒకటే" అంది చిట్టి. ఒక జడ వదులుగా, ఒకటి బిగుతుగా వచ్చింది. పరీక్షకు అలాగే వెళ్ళింది.